మోటార్‌హోమ్‌లో న్యూజిలాండ్ దక్షిణ దీవి తూర్పు తీరం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్తరాన కైకౌరా నుంచి దక్షిణాన క్యాట్లిన్స్ దాకా ఈ తీరం వెంట మోటార్‌హోమ్‌లో, అంటే పడక, వంటగది, టాయిలెట్ అన్నీ ఉన్న బండిలో, మేం మూడుసార్లు తిరిగొచ్చాం. ఫోటోలు చూసినవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. లైసెన్స్ సంగతేంటి, టాయిలెట్ ఎవరు కడుగుతారు, పెంగ్విన్ నిజంగా కనిపిస్తుందా? ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, వరసగా చదవక్కర్లేదు.

## బయల్దేరే ముందు

ఏ నెలలో వెళ్తే జంతువులు బాగా కనిపిస్తాయి?

నన్నడిగితే ఫిబ్రవరి మొదలు మార్చి సగం దాకా. అక్కడ డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు వేసవి. డిసెంబరు చివర, జనవరిలో బడులకు సెలవులు కాబట్టి క్యాంపులు నిండిపోతాయి, బండి అద్దె కూడా ఎక్కువ. ఫిబ్రవరికి ఆ రద్దీ తగ్గుతుంది. ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షి గుడ్లు జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో పిల్లలవుతాయి. నవంబరు, డిసెంబరుల్లో పుట్టిన సీల్ పిల్లలు అప్పటికి రాళ్ల మీద గెంతుతుంటాయి. హెక్టర్స్ డాల్ఫిన్లు ఒడ్డుకు దగ్గరగా తిరిగేదీ వేసవిలోనే. కైకౌరా దగ్గర స్పెర్మ్ వేల్ తిమింగలాలు మాత్రం ఏడాది పొడవునా ఉంటాయి.

ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

పది రోజులు. క్రైస్ట్‌చర్చ్‌లో బండి తీసుకుంటే కైకౌరా ఉత్తరాన సుమారు 180 కిలోమీటర్లు, మిగతావన్నీ దక్షిణాన. అంటే మళ్లీ వెనక్కి వచ్చి ఒమారు, డునెడిన్, క్యాట్లిన్స్ వైపు దిగాలి. అయిదారు రోజులే ఉంటే కైకౌరా వదిలేయండి. బాధగానే ఉంటుంది, కానీ రోజూ బండిలో కూర్చుని చూసేది రోడ్డే అయితే ఇంత దూరం వచ్చి లాభం లేదు. ఈ జంతువుల్లో చాలావాటిని పొద్దు వాలాకో, తెల్లవారుజామునో చూడాలి. అందుకే ఒక్కోచోట రెండు రాత్రులు ఉండేలా వేసుకోండి. మొదటి సాయంత్రం ఏమీ కనబడకపోతే రెండోది చేతిలో ఉంటుంది.

మా ఇండియా లైసెన్స్ సరిపోతుందా?

లైసెన్స్ ఇంగ్లీషులో ఉండి, చెల్లుబాటులో ఉంటే సరిపోతుంది. ఇంగ్లీషులో లేకపోతే ఆమోదం పొందిన అనువాదం గానీ, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ గానీ దగ్గర ఉండాలి. అసలు లైసెన్స్ కార్డు కూడా వెంట ఉండాల్సిందే, ఫోన్లో ఫోటో చూపిస్తే కుదరదు. బండి నడిపేది మనలాగే ఎడమవైపు కాబట్టి సగం టెన్షన్ అక్కడే పోతుంది. అద్దె సంస్థలు చాలావరకు 21 ఏళ్లు నిండినవారికే బండి ఇస్తాయి.

కారు తప్ప ఏదీ నడపలేదు. అంత పెద్ద బండి నడపగలనా?

నడపగలరు. మొదటి రోజు మాత్రం ఎక్కువ దూరం పెట్టుకోకండి. ముందుకు నడపడం కష్టం కాదు, ఎత్తు, వెనక భాగం గుర్తుండకపోవడమే అసలు కష్టం. వెనక చక్రాల తర్వాత కూడా బండి చాలా పొడవుంటుంది, మలుపులో ఆ తోక బయటికి ఊగుతుంది. రివర్స్ చేసేటప్పుడు ఎవరో ఒకరు దిగి వెనక నిలబడాలి, కెమెరా ఉన్నా సరే. బండి ఎత్తు ఒక కాగితం మీద రాసి స్టీరింగ్ పక్కన అతికించండి. పెట్రోల్ బంకు పైకప్పు కింద దూరేముందు ఆ కాగితం పనికొస్తుంది.

రెండు బెర్తులా, నాలుగా, ఆరా?

ఇద్దరైతే నాలుగు బెర్తులది తీసుకోండి. రెండు బెర్తుల బండిలో చాలావాటికి రోజూ బల్ల తీసి పరుపు వేయాలి, పొద్దున్నే మళ్లీ పరుపు తీసి బల్ల వేయాలి. వాన పడి లోపలే ఉండాల్సిన రోజు ఆ పని విసుగు తెప్పిస్తుంది. ఆరు బెర్తులంటే ఆరుగురు పడుకోవచ్చని అర్థం, ఆరుగురు హాయిగా ఉండొచ్చని కాదు.

ఆవకాయ, పొడులు, ట్రెక్కింగ్ బూట్లు తీసుకెళ్లొచ్చా?

విమానం దిగేముందు నింపే డిక్లరేషన్‌లో తినేవన్నీ చూపించండి. ప్యాకెట్ మీద కంపెనీ పేరున్నా, ఇంట్లో చేసినదైనా చూపించాల్సిందే. చూపించిన వస్తువును అధికారి చూసి వదిలేయొచ్చు, తీసుకోవచ్చు. చూపించకుండా దొరికితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. తేనె అసలు పెట్టుకోవద్దు. బూట్లు, టెంటు కూడా డిక్లేర్ చేయాలి. బూటు అడుగున గాళ్లలో ఇరుక్కున్న మట్టి పాత టూత్ బ్రష్‌తో గీకి కడిగి పెట్టుకోండి. మా ఆవిడ బూట్లు పక్కకు తీసుకెళ్లి, కడిగి, తడిగా తెచ్చిచ్చారు. మర్యాదగానే, కానీ అరగంట పోయింది.

ఇన్సూరెన్స్‌లో ఏం చూసుకోవాలి?

ఏది కవర్ కాదో ముందు చదవండి. బండి పైకప్పుకు, కింది భాగానికి, ఆనింగ్ అనే గుడ్డ పందిరికి తగిలే దెబ్బలు చాలా పాలసీల్లో ఉండవు. ఇసుక మీదికి బండి దింపితే దాదాపు ఏ పాలసీ రాదు. కొన్ని కంకర రోడ్లను కూడా ఒప్పందంలోనే నిషేధిస్తారు. డీజిల్ బండి అయితే తిరిగిన కిలోమీటర్లకు రోడ్ యూజర్ చార్జెస్ అని ప్రభుత్వ రుసుము ఉంటుంది, చాలా సంస్థలు దాన్ని చివర్లో బిల్లులో వేస్తాయి. అది మోసం కాదు, కానీ ముందే అడిగి లెక్కలో పెట్టుకోండి.

## దారిలో

రోడ్డు మీద ఏం జాగ్రత్త పడాలి?

ఊళ్ల బయట గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. మొత్తం బరువు 3,500 కిలోలు దాటే బండికి 90. గాలి గట్టిగా ఉన్నరోజు 80లోనే వెళ్లండి, ఎత్తైన బండి తెరచాపలా పక్కకు తోసుకుపోతుంది. వెనక నాలుగు కార్లు చేరితే చోటు చూసుకుని పక్కకు ఆపి వాళ్లను పోనివ్వండి. అక్కడివాళ్లు హారన్ కొట్టరు, కానీ లోపల తిట్టుకుంటారు. ఒక్క బండే పట్టే వంతెనలు చాలా వస్తాయి. బోర్డులో మీవైపు బాణం చిన్నగా, ఎర్రగా ఉంటే ఎదుటివాళ్లకు దారి ఇవ్వాలి.

పిల్లల్ని వెనక పరుపు మీద పడుకోబెట్టి నడపొచ్చా?

వద్దు. బండి కదులుతుండగా అందరూ బెల్టున్న సీట్లలోనే ఉండాలి. ఏడేళ్లు నిండని పిల్లలకు వాళ్ల ఎత్తుకు తగిన చైల్డ్ సీటు చట్టప్రకారం తప్పనిసరి. బండి బుక్ చేసేటప్పుడే సీటు కూడా అడగండి, అన్ని సీట్లకూ చైల్డ్ సీటు బిగించే వీలుండదు.

డీజిల్, సరుకులు, ఫోన్ సిగ్నల్?

డునెడిన్ దాకా చింత లేదు. క్యాట్లిన్స్‌లోకి దిగేముందు బాల్‌క్లూతాలో ట్యాంకు నింపండి, సరుకులు కొనండి. తర్వాత ఒవాకాలో చిన్న దుకాణం ఉంది, అక్కడ రకాలు తక్కువ. సిగ్నల్ పోయే చోట్లు చాలా ఉంటాయి కాబట్టి మ్యాపును ముందే ఫోన్లో దింపుకోండి.

## రాత్రి మజిలీ

సముద్రం పక్కన ఎక్కడైనా బండి ఆపి పడుకోవచ్చా?

వీడియోల్లో చూసి చాలామంది అలాగే అనుకుంటారు. నిజం అంత సులువు కాదు. ఉచితంగా ఆగడాన్ని అక్కడ ఫ్రీడమ్ క్యాంపింగ్ అంటారు. ఏ స్థలంలో ఆగొచ్చో స్థానిక కౌన్సిళ్లు నిర్ణయిస్తాయి, పక్కపక్క ఊళ్లకే నియమాలు వేరు. ఒకచోట రెండు రాత్రులు ఒప్పుకుంటారు, ఇంకోచోట అసలు ఒప్పుకోరు, మరోచోట గీత గీసిన అయిదు బళ్లకే చోటు. బోర్డు చదవండి, క్యాంపర్‌మేట్ యాప్‌లో చూడండి, రెండూ ఒకే మాట చెబితేనే ఆగండి. తప్పుచోట ఆగితే జరిమానా వందల డాలర్లలో ఉంటుంది, బండి అద్దెదైతే మీ కార్డు మీదకే వస్తుంది.

మేం మొదటిసారి ఉచితం కోసం ఓ సాయంత్రమంతా తిరిగాం. చివరికి రాత్రి తొమ్మిదిన్నరకు డబ్బు కట్టే క్యాంపుకే చేరాం. ఆ తిరుగుడులో పెంగ్విన్లు ఒడ్డెక్కే వేళ కాస్తా దాటిపోయింది. అప్పట్నుంచి క్యాంపు ముందే ఖాయం చేసుకుంటున్నాం.

బండి మీద పచ్చ స్టిక్కర్ ఎందుకు?

బండిలో నీళ్లు, టాయిలెట్, మురుగు ట్యాంకు అన్నీ ఉండి, బయట ఏమీ వదలకుండా మూడు రోజులు గడపగలదని అది ధ్రువపత్రం. సెల్ఫ్ కంటెయిన్డ్ అంటారు. 2023లో వచ్చిన చట్టంతో టాయిలెట్ బండిలో బిగించి ఉండాలన్న నియమం వచ్చింది, సంచిలో పెట్టుకునే మడత టాయిలెట్ చెల్లదు. పరుపు వేసి ఉన్నప్పుడు కూడా దాన్ని వాడుకోగలగాలి. కౌన్సిల్ స్థలాల్లో ఉచితంగా ఆగాలంటే చాలాచోట్ల ఈ స్టిక్కర్ అడుగుతారు. బండి తీసుకునే రోజే అద్దం మీద ఉందో లేదో, గడువు ఎప్పటిదాకానో చూసుకోండి.

డాక్ క్యాంపు అంటే ఏమిటి? ప్రైవేటు క్యాంపు మేలా?

డాక్ అంటే డిపార్ట్‌మెంట్ ఆఫ్ కన్జర్వేషన్, అక్కడి ప్రకృతి సంరక్షణ శాఖ. వాళ్ల క్యాంపుల్లో కరెంటు ఉండదు, చాలావాటిలో గుంట మరుగుదొడ్డి, ఒక కుళాయి, అంతే. కానీ స్థలాలు మాత్రం అద్భుతం. క్యాట్లిన్స్‌లో పురకౌనుయి బే క్యాంపు అలాంటిది. కొండచరియల మధ్య పచ్చిక, దాని అంచున అలలు. క్యూరియో బే దగ్గరున్న క్యాంపు వేరే తరహా. అక్కడ మనిషంత ఎత్తు ఫ్లాక్స్ పొదలు గోడల్లా పెరిగి ఒక్కో బండికి ఒక్కో గది చేసినట్టుంటాయి. బయట గాలి ఈల వేస్తున్నా పొదల మధ్య ప్లేటులో అన్నం ఎగిరిపోదు. రెండు రాత్రులు డాక్, ఒక రాత్రి కరెంటున్న ప్రైవేటు క్యాంపు, ఇదీ మా లెక్క. స్నానం, బట్టలు, ఛార్జింగ్ అన్నీ ఆ మూడో రాత్రి తేలతాయి.

టాయిలెట్ ఎవరు శుభ్రం చేస్తారు?

మీరే. అడగడానికి అందరూ మొహమాటపడే ప్రశ్న కాబట్టి వివరంగా చెప్తాను. బండి బయటి పక్క చిన్న తలుపు తీస్తే సూట్‌కేసులా చక్రాలున్న పెట్టె ఉంటుంది, అదే క్యాసెట్. నిండితే లైటు వెలుగుతుంది, అంతదాకా ఆగకండి, బరువైపోతుంది. దాన్ని లాక్కుంటూ డంప్ స్టేషన్‌కు, అంటే మురుగు పారబోసే చోటికి వెళ్లాలి. ఇవి చాలా ఊళ్లలో ఉంటాయి, రోడ్డు మీద గుర్తు కూడా ఉంటుంది. మూత విప్పి, గొట్టాన్ని గుంటలోకి వంచి, వెనకున్న చిన్న బటన్ బొటనవేలితో నొక్కి పట్టుకుని పొయ్యండి. ఆ బటన్ గాలి లోపలికి రావడానికి. అది నొక్కకపోతే గడగడమని కుదుపులతో పడుతుంది, మీ బూట్ల మీద చిందుతుంది. ఇది అనుభవంతో చెప్తున్న మాట. తర్వాత నీళ్లు పోసి రెండుసార్లు కడిగి, రసాయనం వేసి, మళ్లీ పెట్టేయడమే. చేతి తొడుగులు తప్పనిసరి. అయిదు నిమిషాల పని, రెండోసారికి అలవాటైపోతుంది.

సింకు, స్నానం నీళ్లు కూడా డంప్ స్టేషన్‌లోనే వదలాలి, గడ్డి మీద కాదు.

ట్యాంకులో నీళ్లు ఎన్ని రోజులకొస్తాయి?

సెల్ఫ్ కంటెయిన్డ్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు నాలుగు లీటర్లు, మూడు రోజులకు. అంటే ఒక మనిషికి 12 లీటర్లు. ఇది కనీసం మాత్రమే, అద్దె బళ్ల ట్యాంకులు ఇంతకంటే చాలా పెద్దవి. అయినా మనం గిన్నెలు కడిగే పద్ధతిలో కుళాయి వదిలేస్తే రెండు రోజుల్లో ఖాళీ. ఒక టబ్‌లో నీళ్లు పట్టి కడగండి.

లోపల వంట చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, గ్యాస్ పొయ్యి ఉంటుంది. కానీ ఎండుమిరపకాయలతో తాలింపు వేస్తే పొగ అలారం మోగి పక్క బండివాళ్లు కూడా లేస్తారు. పైకప్పు కిటికీ తీసి, తలుపు తీసి, అప్పుడు వెయ్యండి. అలారం మోగుతోందని దాని బ్యాటరీ మాత్రం తీసేయకండి. పొయ్యిని చలి కాచుకోవడానికి వాడకండి, మూసిన బండిలో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. బండి కదిలేముందు గ్యాస్ సిలిండర్ మూసేయాలి.

రాత్రిళ్లు చలి ఎంత ఉంటుంది?

వేసవిలో కూడా దక్షిణాన రాత్రి పది డిగ్రీల కిందికి దిగడం మామూలే. ఉన్ని టోపీ, గాలి దూరని జాకెట్ తెచ్చుకోండి. పగలు మాత్రం ఎండ చర్మాన్ని మాడ్చేస్తుంది, అక్కడ అతినీలలోహిత కిరణాల తీవ్రత ఎక్కువ. ఒకే రోజులో సన్‌స్క్రీన్, ఉన్ని టోపీ రెండూ వాడతారు.

శాండ్‌ఫ్లైలు నిజంగా అంత ఘోరమా?

పశ్చిమ తీరంలో ఘోరం, ఈ వైపు కొంత నయం. నల్లటి చిన్న ఈగలు, పగలు కుడతాయి, దురద రోజుల తరబడి ఉంటుంది. డీట్ లేదా పికారిడిన్ ఉన్న మందు చీలమండలకు రాసుకోండి. అన్నట్టు, డునెడిన్ దగ్గరి శాండ్‌ఫ్లై బే పేరు చూసి భయపడొద్దు. ఎగిరే ఇసుక వల్ల వచ్చిన పేరది, ఈగల వల్ల కాదు.

## జంతువుల దగ్గర

ఏది ఎక్కడ కనిపిస్తుంది?

ఉత్తరం నుంచి కిందికి చెప్పుకుంటూ వస్తాను. కైకౌరాలో ఒడ్డుకు దగ్గర్లోనే సముద్రం అడుగు వెయ్యి మీటర్లకు పైగా లోతున్న లోయలా దిగిపోతుంది. ఆ లోతులో ఆహారం దొరుకుతుంది కాబట్టే స్పెర్మ్ వేల్స్ అక్కడ మకాం వేశాయి. ఊరి చివర పాయింట్ కీన్ దగ్గర కార్ పార్కులోనే ఫర్ సీల్స్ పడుకుని ఉంటాయి, వాసన ముందొస్తుంది. 2016 నవంబరు 14న వచ్చిన 7.8 తీవ్రత భూకంపానికి ఇక్కడి సముద్రపు అడుగు కొన్నిచోట్ల మీటర్ల ఎత్తు పైకి లేచింది. అప్పుడు మూతపడిన రహదారి మళ్లీ తెరవడానికి ఏడాదికి పైనే పట్టింది.

ఒమారులో కొరొరా, అంటే ప్రపంచంలోకెల్లా చిన్న పెంగ్విన్, కిలో బరువుంటుంది. చీకటి పడ్డాక గుంపులుగా ఒడ్డెక్కుతుంది. అక్కడి నుంచి దక్షిణాన మొయెరాకి దగ్గర కటికి పాయింట్, ఆ తర్వాత డునెడిన్ పక్కన ఓటాగో ద్వీపకల్పం. ద్వీపకల్పం కొసన టైయరోవా హెడ్. నార్తర్న్ రాయల్ ఆల్బట్రాస్ ప్రధాన భూభాగం మీద గూడు కట్టే చోటు అదొక్కటే. రెక్కలు చాపితే మూడు మీటర్లు. 1938లో అక్కడ మొదటి పిల్ల క్షేమంగా ఎగిరిపోయింది.

క్యాట్లిన్స్‌లో నగెట్ పాయింట్ లైట్‌హౌస్ కింద రాళ్ల మీద ఫర్ సీల్స్, సూరత్ బే ఇసుకలో సీలయన్లు (అవును, పేరు మన సూరత్‌దే, ఆ పేరున్న ఓడ అక్కడ మునిగింది), పోర్పోయిస్ బేలో హెక్టర్స్ డాల్ఫిన్లు, దాని పక్కనే క్యూరియో బేలో హోయిహో పెంగ్విన్లు. ఒక్కటే ఎంచుకోమంటే నేను క్యూరియో బే అంటాను.

హోయిహో పెంగ్విన్ ఖచ్చితంగా కనిపిస్తుందా?

హామీ లేదు. హోయిహో అంటే పసుపు కళ్ల పెంగ్విన్, న్యూజిలాండ్ అయిదు డాలర్ల నోటు వెనక ఉండేది అదే. ప్రధాన భూభాగంలో గూడు కట్టే జతలు ఇప్పుడు రెండు వందలు కూడా లేవు. పొద్దున్నే వేటకు సముద్రంలోకి వెళ్లి సాయంత్రం ఒడ్డెక్కి పొదల్లోని గూటికి నడిచిపోతుంది. దారిలో మనుషులు కనిపిస్తే ఒడ్డెక్కదు. ఆకలితో ఉన్న పిల్లకు ఆ పూట తిండి ఆలస్యమవుతుంది. అందుకే ఒమారులోని బుషీ బీచ్‌లోకి మధ్యాహ్నం మూడు తర్వాత దిగనివ్వరు, పైనుంచే చూడాలి.

క్యూరియో బేలో మొదటి సాయంత్రం రెండు గంటలు కూర్చున్నాం, ఏమీ రాలేదు. రెండో సాయంత్రం ఎనిమిది దాటాక, కెల్ప్ నాచు తాళ్లలా ఊగుతున్న చోట ఒక అల వెనక్కి తగ్గింది. అది వదిలేసిన రాయి మీద బొర్లా పడి ఒక పెంగ్విన్. లేచి, విదిలించుకుని, చుట్టూ చూసింది. పది నిమిషాలు కదల్లేదు, ముక్కుతో ఈకలు సర్దుకుంది. తర్వాత రెండు కాళ్లూ దగ్గర పెట్టి రాయి నుంచి రాయికి గెంతుతూ, ప్రతి గెంతుకీ ముందు తల వంచి దూరం కొలుచుకుంటూ వచ్చింది. కాళ్ల కింద ఉన్నవి మామూలు రాళ్లు కాదు, జురాసిక్ కాలపు అడవి రాయిగా మారిన మొద్దులు. మా పక్కన కూర్చున్న పిల్లాడు శ్వాస కూడా తీయలేదు. బండి అక్కడే ఉంది కాబట్టి రెండో సాయంత్రం దొరికింది, హోటల్ ఊళ్లో ఉంటే మేం ఆ మధ్యాహ్నమే వెళ్లిపోయేవాళ్లం.

ఎంత దూరంలో నిలబడాలి?

సీల్స్, సీలయన్లకు కనీసం 20 మీటర్లు. అంటే రెండు బస్సుల పొడవు. హోయిహోకు 50 మీటర్లు. జంతువుకూ సముద్రానికీ మధ్యలో ఎప్పుడూ నిలబడకండి, అది పారిపోయే దారి. దగ్గరికి వెళ్లి వాటిని బెదరగొట్టడం, తాకడం, తరమడం చట్టప్రకారం నేరం. తలెత్తి మిమ్మల్నే చూస్తోందంటే మీరు అప్పటికే దగ్గరికి వెళ్లారని అర్థం.

ఫర్ సీల్‌కూ సీలయన్‌కూ తేడా ఎలా తెలుస్తుంది?

రాళ్ల మీద, కోసుగా ముక్కు ఉన్నది ఫర్ సీల్. ఇసుక మీద, మొద్దు ముక్కుతో, దుంగలా పడి ఉన్నది సీలయన్. మగ సీలయన్ 450 కిలోల దాకా తూగుతుంది, ముదురు గోధుమ రంగు, మెడ చుట్టూ జూలు. ఆడది చిన్నది, లేత రంగు.

సీలయన్ మా మీదికి వస్తే?

పరుగెత్తకండి. దానివైపే చూస్తూ నెమ్మదిగా వెనక్కి నడవండి. పడుచు మగవి ఆటకో, బెదిరించడానికో కొన్ని అడుగులు ఉరికి ఆగిపోతుంటాయి. సూరత్ బేలో మేం ఇసుక తిన్నె అనుకుని నేరుగా నడుస్తున్నాం. ఆ తిన్నె రెక్కతో తన వీపు మీద ఇసుక చిమ్ముకుంది! అప్పటికి ముప్పై అడుగుల దూరమే. అప్పట్నుంచి బీచ్‌లో ప్రతి దుంగనూ ఆగి, బైనాక్యులర్స్‌తో చూసి, అప్పుడే ముందుకు వెళ్తున్నాం. ఇసుక తిన్నెల వెనక గడ్డిలో కూడా ఉంటాయి. 1993లో ఓటాగో తీరంలో ఒక ఆడది పిల్లను కన్నది, అప్పట్నుంచే ప్రధాన భూభాగానికి ఇవి తిరిగొచ్చాయి. తల్లులు పిల్లల్ని తీసుకుని ఒడ్డు నుంచి చాలా లోపలికి, ఒక్కోసారి రోడ్ల దాకా నడుస్తాయి. బండి నడిపేవాళ్లూ చూసుకోవాలి.

సీల్ పిల్ల ఒంటరిగా ఉంది, పెంగ్విన్ కదలడం లేదు. సాయం చేయాలా?

చాలాసార్లు అవసరం ఉండదు. తల్లి వేటకెళ్తే సీల్ పిల్ల రోజుల తరబడి ఒంటరిగా ఉంటుంది, తుమ్ముతుంది, కళ్ల వెంట నీరు కారుతుంది. అవన్నీ మామూలే. వేసవి చివర పెంగ్విన్లు ఈకలు రాల్చుకుంటాయి. ఆ మూడు నాలుగు వారాలు వాటి ఈకలు నీటిని ఆపలేవు కాబట్టి సముద్రంలోకి దిగలేవు, చింకి దిండులా ఒకచోట నిలబడి ఉంటాయి. నీళ్లలోకి తోశారంటే చంపినట్టే. వల చుట్టుకున్నా, గాయం కనిపించినా, కుక్క వెంటపడుతున్నా డాక్ హాట్‌లైన్ 0800 362 468కి ఫోన్ చేయండి.

డాల్ఫిన్లతో ఈదొచ్చా?

పోర్పోయిస్ బేలో మీరు ఈదుతుంటే అవే రావచ్చు, మీరు వాటి వెంట పడకూడదు. పిల్లలున్న గుంపు కనిపిస్తే నీళ్లలోకి దిగొద్దు. హెక్టర్స్ డాల్ఫిన్ న్యూజిలాండ్‌లో తప్ప ఎక్కడా లేదు. పొడవు మీటరున్నర లోపే, వీపు రెక్క గుండ్రంగా మిక్కీ మౌస్ చెవిలా ఉంటుంది. ఒడ్డు నుంచే బాగా కనిపిస్తాయి. నీళ్లు ఎంత చల్లగా ఉంటాయంటే, వెట్‌సూట్ లేకుండా నేను మోకాళ్లు దాటలేదు.

డ్రోన్ ఎగరేయొచ్చా?

డాక్ భూముల మీద ముందస్తు అనుమతి లేకుండా వద్దు. సముద్ర క్షీరదాలకు 150 మీటర్ల లోపల ఎగరేయకూడదు. ఇంట్లో వదిలేసి రండి.

కెమెరాకు పెద్ద లెన్స్ కొనాలా?

లెన్స్ కంటే ముందు బైనాక్యులర్స్ కొనండి. ఎనిమిదింతలు పెద్దది చేసే 8x42 రకం చాలు. పదింతలు పెద్దది చేసేది కొంటే తీరం గాలిలో చెయ్యి వణికి ఏదీ నిలవదు. ఇద్దరుంటే రెండు కొనండి, లేకపోతే పెంగ్విన్ ఒడ్డెక్కే క్షణాన తగువు. ఫ్లాష్ ఎక్కడా వాడొద్దు. ఒమారు కాలనీలో రాత్రిపూట అసలు ఫోటోలే తీయనివ్వరు.

టికెట్ కొని చూసేవి అవసరమా?

కొరొరాకు అవసరం. ఒమారు కాలనీలో కూర్చునే చోటు, తగిన లైట్లు, వివరం చెప్పే మనిషి ఉంటారు, పక్షులకూ ఇబ్బంది ఉండదు. ఆల్బట్రాస్‌కు గాలిని బట్టి. టైయరోవా హెడ్ దగ్గర గాలి బాగున్న మధ్యాహ్నం కార్ పార్కు నుంచే తల మీదుగా వెళ్తుంటాయి. గాలి లేనిరోజు అవి ఎగరలేక కూర్చుంటాయి, అప్పుడు గూళ్లు చూపించే టూరే గతి. సెప్టెంబరు మధ్య నుంచి నవంబరు చివరి దాకా గూళ్లు చూసే గది మూసి ఉంటుంది. తిమింగలాల బోటుకు మాత్రం కైకౌరాలో దిగిన మొదటి రోజుకే బుక్ చేయండి. అలలు పెద్దవైతే రద్దవుతుంది, రెండోరోజు చేతిలో ఉండాలి. వాంతి మాత్ర బోటెక్కే ముందే వేసుకోవాలి, ఎక్కాక కాదు.

ఆటుపోట్లు చూసుకోవాలా?

చూసుకోవాలి. క్యాట్లిన్స్‌లో కేథడ్రల్ కేవ్స్ అనే గుహల్లోకి ఆటు వేళకు, అంటే నీళ్లు బాగా వెనక్కి తగ్గే వేళకు, కాస్త అటూ ఇటూ మాత్రమే వెళ్లగలం, చలికాలంలో దారి మూస్తారు. క్యూరియో బేలో రాతి అడవి బయటపడేదీ ఆటు వేళే. రోజు ప్లాన్ వేసేటప్పుడు మొదట ఆటు సమయం రాసుకుని, మిగతావి దాని చుట్టూ సర్దుకోండి. నీళ్ల అంచున నిలబడి సముద్రానికి వీపు పెట్టకండి.

## బండి తిరిగి ఇచ్చేటప్పుడు

చివరి రోజు ఏం చేయాలి?

మురుగు ట్యాంకు, క్యాసెట్ రెండూ ఖాళీ చేయాలి. డీజిల్, కొన్ని సంస్థల్లో గ్యాస్ కూడా నింపి ఇవ్వాలి. ఖాళీ చేయని క్యాసెట్‌కు వేసే రుసుము చూస్తే కళ్లు తిరుగుతాయి. డంప్ స్టేషన్‌ను విమానాశ్రయం దగ్గర వెతకడం కాకుండా ముందురోజు రాత్రి ఉన్న క్యాంపులోనే పని ముగించుకోండి. బండి తీసుకున్న రోజు నాలుగు వైపులా, పైకప్పు, ఆనింగ్ అన్నిటికీ వీడియో తీసి ఉంచుకున్నారా? అది ఇప్పుడు పనికొస్తుంది. ఒక సంస్థ మాకు పాత గీత ఒకటి చూపించి డబ్బు అడిగింది, వీడియో చూపించగానే వదిలేసింది. ఇసుక ఊడవడానికి ఒక గంట పెట్టుకోండి. ఎంత ఊడ్చినా పరుపు కింద కొంత మిగిలే ఉంటుంది, అది వాళ్లకూ తెలుసు.